ఓట్లు అక్కడ, పాట్లు ఇక్కడ

2024 నవంబరు 6వ తేదీ ఉదయం తెలుగు టెలివిజన్ చానళ్ళలో పెన్సిల్వేనియా, విస్కాన్సిన్, మిచిగన్ పేర్లు తణుకు, తాడేపల్లిగూడెం పేర్లంత ధారాళంగా వినిపించాయి. 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 ఎవరికి దక్కుతాయన్న లెక్కలు టీ దుకాణాల బల్లల మీదికి సైతం చేరాయి. కొత్తగా ఎన్నికైన ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ సతీమణి ఉష పూర్వికులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు కావడంతో ఆ గ్రామం సంబరపడింది. కమలా హారిస్ తాతగారి ఊరైన తమిళనాడులోని తులసేంద్రపురంలో అంతకుముందు జరిగిన పూజలు మాత్రం ఫలించలేదు. రెండు ఊళ్ళ కోరికలకూ ఆ ఎన్నికలో ఆవగింజంత విలువ కూడా లేదు.

ఇదంతా పొరుగింటి పుల్లకూర రుచి అని తీసిపారేసేవారు ఉన్నారు. ఓటు లేని ఎన్నిక గురించి ఇంత ఆరాటమెందుకని అమెరికన్లు కొందరు విస్తుపోవడమూ కద్దు. తమ దేశాధినేతను తాము ఎన్నుకుంటుంటే బ్రెజిల్ వారికో, జపాన్ వారికో, భారతీయులకో వచ్చే లాభనష్టాలేమిటన్నది వారి ప్రశ్న. న్యాయంగా కనిపించే ఈ ప్రశ్నకు సమాధానం అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. వాషింగ్టన్‌లోని శ్వేతసౌధంలో కూర్చునే వ్యక్తికి స్వదేశంలో కంటె విదేశీయుల మీదనే అధికారం ఎక్కువ. అందువల్ల ఓటు ఉన్నవారి కంటె ఓటు లేనివారే ఆ ఎన్నికను ఎక్కువ శ్రద్ధతో గమనించవలసి రావడంలో వింతేమీ లేదు. అయితే ఆ శ్రద్ధను ఎటు తిప్పాలన్న విషయంలో భారతీయులు తరచు పొరబడుతున్నారు.

1787లో అమెరికా రాజ్యాంగాన్ని రచించినవారు ఒక రాజును అప్పుడే వదిలించుకున్నవారు. మరో రాజు తమ నెత్తికెక్కకుండా అధ్యక్షుని చేతులకు అనేక ముళ్ళు వేశారు. ఖజానా నుంచి సొమ్ము తీయాలంటే కాంగ్రెస్ మంజూరు చేయాలి. చట్టం మార్చాలంటే ఉభయ సభలూ అంగీకరించాలి. 1994లో క్లింటన్ ఆరోగ్య పథకం కాంగ్రెస్‌లోనే కొడిగట్టింది. ఒబామా 2010లో తెచ్చిన ఆరోగ్య చట్టాన్ని రద్దు చేస్తానని ప్రతిజ్ఞ పూనిన ట్రంప్, తన పార్టీకే ఆధిక్యం ఉన్న సెనేట్‌లో 2017 జూలైలో 49–51 ఓట్ల తేడాతో భంగపడ్డారు. సొంత పౌరుని వైద్యం బిల్లు విషయంలో ఇంత నిస్సహాయంగా ఉండే అధ్యక్షుడే సరిహద్దు దాటగానే మరో అవతారం ఎత్తుతాడు. ఇంట పులి, వీధిలో పిల్లి అన్న సామెత ఇక్కడ తిరగబడింది.

ఈ తిరకాసు ఒక్కరోజులో రాలేదు. దిగుమతి సుంకాలు విధించే అధికారాన్ని రాజ్యాంగం కాంగ్రెస్‌కే అప్పగించింది. కాని కాంగ్రెస్ ఆ అధికారాన్ని కొద్దికొద్దిగా అధ్యక్షునికి ధారపోస్తూ వచ్చింది. దేశ భద్రత పేరిట సుంకాలు పెంచుకోవచ్చునని 1962 నాటి వాణిజ్య చట్టం అన్నది. ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించి విదేశీ లావాదేవీలను నియంత్రించవచ్చునని 1977 చట్టం అన్నది. దేశ ప్రయోజనాలకు హానికరమనుకుంటే విదేశీయుల రాకను నిలిపివేయవచ్చునని 1952 నాటి వలస చట్టం అన్నది. ఇక నౌకాదళం ఎటు కదలాలో చెప్పడానికి సర్వసేనాని ఎవరి సంతకం కోసమూ ఆగనక్కరలేదు. సుంకం, వీసా, సహాయం, నౌక - ఈ నాలుగూ అమెరికా ఓటరుకు నాలుగు మాటలు. బయటివారికి నాలుగు జీవితానుభవాలు.

బడిలో అమెరికా గోధుమ రవ్వ ఉప్మా తిన్న తరం ఆంధ్ర దేశంలో ఇంకా ఉంది. 1964 నవంబరులో లిండన్ జాన్సన్ 61 శాతం ఓట్లతో గెలిచినప్పుడు, యుద్ధోన్మాదిగా పేరుపడిన గోల్డ్‌వాటర్ ఓడిపోయినందుకు లోకం ఊపిరి పీల్చుకుంది. మరుసటి ఏడే భారతదేశంలో వానలు మొహం చాటేశాయి. పబ్లిక్ లా 480 కింద వచ్చే గోధుమలకు దీర్ఘకాలిక ఒప్పందం చేసుకోవడానికి జాన్సన్ నిరాకరించారు. భారత్ తన వ్యవసాయ విధానాన్ని మార్చుకోవాలన్నది బహిరంగంగా చెప్పిన కారణం. వియత్నాంపై బాంబు దాడులను ఢిల్లీ విమర్శించడం ఆయనకు గిట్టలేదన్నది లోకానికి తెలిసిన కారణం. నెలకింత చొప్పున ధాన్యం విడుదలకు ఆయనే స్వయంగా అనుమతి ఇస్తూ వచ్చారు. ఓడ రేవుకు చేరితే గాని రేషను దుకాణం తలుపు తెరుచుకోని రోజులవి. 1966లో భారత్ దిగుమతి చేసుకున్న ఆహార ధాన్యాలు కోటి టన్నులు దాటాయి. అదే ఏడు జూన్ 6న రూపాయి విలువ తగ్గించవలసి వచ్చింది. డాలరుకు నాలుగు రూపాయల 76 పైసలుగా ఉన్న మారకం ఏడున్నర రూపాయలైంది. జాన్సన్‌కు ఓటు వేసిన ఐయోవా రైతుకు గాని, డెట్రాయిట్ కార్మికునికి గాని ఈ సంగతి తెలిసి ఉండదు. తెలియకపోవడం వారి తప్పూ కాదు.

1968 ఎన్నిక ఇంకా చిత్రమైనది. ఏడు కోట్ల 30 లక్షల ఓట్లు పోలైన ఆ ఎన్నికలో రిచర్డ్ నిక్సన్ సుమారు 5 లక్షల ఓట్ల ఆధిక్యంతో బయటపడ్డారు. వియత్నాం, నగరాలలో అల్లర్లు, ధరలు - అమెరికన్లు తూచి చూసినవి ఇవే. తూర్పు బెంగాల్ పేరు ఎవరి నోటా రాలేదు. మూడేళ్ళు తిరక్కుండానే సుమారు కోటి మంది శరణార్థులు సరిహద్దు దాటి భారతదేశంలోకి వచ్చి పడ్డారు. ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, తన ప్రభుత్వ మౌనాన్ని నిరసిస్తూ సహోద్యోగులతో కలిసి వాషింగ్టన్‌కు టెలిగ్రాం పంపారు. ఫలితంగా బదిలీ అయింది ఆయనే. చైనాతో రహస్య రాయబారానికి పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ వంతెనగా నిలిచారు కనుక నిక్సన్‌కు ఆయనను నొప్పించడం ఇష్టం లేకపోయింది. 1971 డిసెంబరులో విమాన వాహక నౌక ‘ఎంటర్‌ప్రైజ్’ నాయకత్వాన సప్తమ నౌకాదళపు పటాలం బంగాళాఖాతంలోకి ప్రవేశించింది. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖపట్నం ముంగిట ఉన్నది ఆ సముద్రమే.

ఇవి పాత కథలు అనుకునేవారు 2025లో గోదావరి జిల్లాల రొయ్యల చెరువుల గట్ల మీదికి వెళ్ళి ఉంటే సరిపోయేది. ఆ ఏడాది ఏప్రిల్ 2న వాషింగ్టన్‌లో ట్రంప్ ఒక పట్టిక చేతబట్టి దేశాలవారీగా సుంకాలు ప్రకటించారు. భారత్ వాటాకు 26 శాతం వచ్చింది. వారం తిరిగేసరికి దాని అమలు వాయిదా పడింది. కాని ధర వాయిదా పడలేదు. ఎగుమతిదారులు కొనుగోలు ధర తగ్గించారు. రాష్ట్ర ముఖ్యమంత్రి కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. ఆగస్టు 7న 25 శాతం సుంకం అమలయింది. రష్యా నుంచి చమురు కొంటున్నందుకు దండనగా ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిసింది. రష్యా చమురును అంతకంటె ఎక్కువగా కొంటున్న చైనాకు ఆ దండన పడలేదు. భారతీయ రొయ్యలపై 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం ఎలాగూ ఉన్నది. సబ్సిడీలకు విరుగుడు పేరుతో 2024 చివరిలో మరొకటి తోడయింది. వీటికి పైన 50 శాతమంటే గోరుచుట్టుపై రోకటిపోటే. పోటీదారైన ఈక్వడార్‌కు ఆనాడు నిర్ణయించిన సుంకం 15 శాతం.

2024–25లో దేశపు సముద్రోత్పత్తుల ఎగుమతి విలువ సుమారు 62 వేల కోట్ల రూపాయలు. అందులో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యలది. అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. అతిపెద్ద ఉత్పత్తిదారు ఆంధ్రప్రదేశ్. పిల్లను వదిలిన నాటి నుంచి పట్టుబడి దాకా వనామి రైతు మేతకు, కరెంటుకు, మందులకు అప్పు చేస్తాడు. కౌంటును బట్టి ధర పలికే ఆ సరుకు ఒకసారి తయారైతే చెరువులో దాచుకునేది కాదు. మంచి ధర కోసం నెల రోజులు ఆగుదామంటే మేత ఖర్చు మింగేస్తుంది. తెగులు పొంచి ఉంటుంది. ఆ సుంకాల తరువాతి గతి ఏదైనా, ఆ వేసవిలోనూ ఆ వర్షాకాలంలోనూ పట్టుబడికి వచ్చిన పంట నష్టం తిరిగి వచ్చేది కాదు. ఢిల్లీ, మాస్కోల మధ్య చమురు బేరంలో ఈ రైతుకు వాటా లేదు. వాషింగ్టన్ ఆగ్రహం మాత్రం అతని వంతుకు వచ్చింది. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరగడం అంటే ఇదే.

రొయ్యల రైతు తరువాత వంతు వీసాదారులది. 2025 సెప్టెంబరు 19న వెలువడిన ఒక ప్రకటన కొత్త హెచ్-1బి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించింది. నాటి మారకం ప్రకారం అది సుమారు 88 లక్షల రూపాయలు. ఆ రుసుము ఏటా కట్టాలని వాణిజ్య మంత్రి సూచించగా, ఒక్కసారి కడితే చాలునని శ్వేతసౌధం మరునాడు సవరించింది. ఈ రెండు మాటల మధ్య ఉన్న కొద్ది గంటలలో, సెలవుపై స్వదేశం వచ్చిన ఉద్యోగులను వెంటనే తిరిగి రావలసిందిగా కంపెనీలు తొందరపెట్టాయి. పెళ్ళిపీటలు, తల్లిదండ్రుల ఆస్పత్రి పడకలు వదిలి విమానాశ్రయాలకు పరుగెత్తవలసి వస్తుందేమోనన్న భయం ఎన్నో ఇళ్ళను ఆవరించింది. ఏటా జారీ అయ్యే 85 వేల వీసాలలోనూ, వాటి పొడిగింపులలోనూ పది మందిలో ఏడుగురికి పైగా భారతీయులే కావడం, వారిలో తెలుగువారు గణనీయంగా ఉండడం తెలిసినదే. ఇదే వీసాల పరిమితిని 2000 అక్టోబరులో లక్షా 95 వేలకు పెంచుతూ చట్టం వచ్చినప్పుడు హైదరాబాద్ అమీర్‌పేటలో శిక్షణ సంస్థలు కిటకిటలాడాయి. 2003లో అది తిరిగి 65 వేలకు దిగింది. పెంచినదీ దించినదీ కాంగ్రెస్ చేసిన చట్టం. 2025 నాటి రుసుముకు ఒక్క సంతకం సరిపోయింది.

హైదరాబాద్‌లోనే మరో చిన్న ఉదంతం ఉంది. ట్రాన్స్‌జెండర్లకు వైద్యం అందించేందుకు 2021లో అమెరికా సహాయ నిధులతో ప్రారంభమైన ఒక క్లినిక్, విదేశీ సహాయాన్ని స్తంభింపజేస్తూ 2025 జనవరి 20న వెలువడిన ఉత్తర్వు ఫలితంగా మూతపడింది. పరాయి సొమ్ముపై ఆధారపడితే ఇంతేనని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిజమే. అయితే అక్కడికి మందుల కోసం వచ్చేవారికి అది చెప్పి ప్రయోజనం లేదు.

వీటిలో ఏ ఒక్కదాన్నీ పెన్సిల్వేనియా ఓటరు కోరలేదు. 2024లో అతడు ఆలోచించినది కోడిగుడ్ల ధర, ఇంటి అద్దె, మెక్సికో సరిహద్దు గురించి. ఆ రాష్ట్రంలో ట్రంప్ ఆధిక్యం లక్షా 20 వేల ఓట్లు. పెన్సిల్వేనియా, మిచిగన్, విస్కాన్సిన్ మూడింటిలో కలిపినా సుమారు 2 లక్షల 30 వేలు. ఒక పెద్ద అసెంబ్లీ నియోజకవర్గంలో ఉండేటంతమంది ఓటర్లు కోడిగుడ్ల ధర చూసి చేసిన నిర్ణయం, రొయ్యల ధరగా మారి గోదావరి తీరానికి చేరింది. ఆ సుంకాలు చెల్లవని 2025 ఆగస్టు 29న అమెరికాలోని ఒక అప్పీళ్ళ కోర్టు తీర్పు చెప్పినప్పుడు రొయ్యల రైతు సంతోషించి ఉండవచ్చు. కాని ఆ దావా వేసినవారు న్యూయార్క్‌కు చెందిన వైన్ దిగుమతిదారు, మరికొన్ని చిన్న వ్యాపారాలు, 12 అమెరికా రాష్ట్రాలు. వారి నష్టం వారు చెప్పుకున్నారు. తన నష్టం చెప్పుకొనడానికి భీమవరం రైతుకు ఆ కోర్టు మెట్ల మీద చోటు లేదు.

ఓటూ లేక, వ్యాజ్యానికీ చోటు లేనివానికి ఆసక్తి ఒక్కటే మిగులుతుంది. దాన్ని కాదనడం అన్యాయం. అయితే ఆసక్తి హద్దు దాటి ప్రమేయంగా మారితే ఏమవుతుందో చరిత్రలో నిదర్శనాలున్నాయి. 1968 ఎన్నికకు మూడు రోజుల ముందు దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియు, పారిస్ శాంతి చర్చలకు తాము వెళ్ళబోమని ప్రకటించారు. నిక్సన్ గెలిస్తే మరింత మేలైన షరతులు లభిస్తాయని ఆ వర్గం నుంచి ఆయనకు సందేశాలు అందినట్లు తరువాత వెలుగు చూసిన పత్రాలు చెబుతున్నాయి. నిక్సన్ గెలిచారు. నాలుగేళ్ళ తరువాత ఆ నిక్సనే థియు మెడలు వంచి 1973 జనవరి ఒప్పందంపై సంతకం చేయించారు. మరి రెండేళ్ళకు సైగాన్ పతనమైంది. 2016లో రష్యా సాగించిన జోక్యంపై అమెరికా ఆగ్రహించడం సహేతుకమే. 1948లో ఇటలీలోనూ, ఆ తరువాత చిలీలోనూ తాను ఖర్చు పెట్టిన రహస్య నిధులను ఆ దేశం మరచిపోయినంత సులువుగా ఇతరులు మరువలేరు.

భారత్ అటువంటి పాపానికి ఒడిగట్టలేదు. కాని 2019 సెప్టెంబరు 22న హూస్టన్‌లో యాభై వేల మంది ప్రవాసుల ఎదుట ప్రధాని మోదీ నోట ‘అబ్ కీ బార్ ట్రంప్ సర్కార్’ అన్న మాట వెలువడింది. ట్రంప్ 2016 ప్రచారంలో వాడుకొన్న నినాదాన్నే ప్రధాని ప్రస్తావించారని విదేశాంగ మంత్రి జైశంకర్ తరువాత వివరణ ఇచ్చారు. వివరణ అవసరమైందంటేనే ఆ మాట అనవసరమైనదని అర్థం. మరుసటి సంవత్సరం బైడెన్ గెలిచారు. హూస్టన్ సభకు మూడు నెలల ముందే, 2019 జూన్‌లో, భారత ఎగుమతులకు దశాబ్దాలుగా ఉన్న సుంకాల రాయితీని ట్రంప్ ఉపసంహరించారు. బైడెన్ తన నాలుగేళ్ళలో దాన్ని పునరుద్ధరించలేదు. సభలో చప్పట్లు కొట్టినవారికీ, కమల గెలవాలని కొబ్బరికాయలు కొట్టినవారికీ ఈ సంగతి సమానంగా వర్తిస్తుంది.

అసలు లోపం ఇక్కడే ఉన్నది. ఆ ఎన్నికలో చుట్టరికాలు వెతకడం తెలుగు, తమిళ పత్రికలకు ఒక వ్యసనంగా పరిణమించింది. అభ్యర్థి తాతగారి ఊరు, ఆయన సతీమణి ముత్తాత ఇల్లు, ఆమెకు ఇష్టమైన ఇడ్లీ - వీటిపై పుటలకు పుటలు వెలువడ్డాయి. దిగుమతులన్నిటిపై పది నుంచి ఇరవై శాతం సుంకం వేస్తానని ఒక అభ్యర్థి 2024 ప్రచారమంతటా బాహాటంగా చెబుతుంటే, ఆ మాట రొయ్యల చెరువుకు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టినవారు అరుదు. వడ్లూరు చుట్టరికం ఉన్న ఇంటి పెద్ద 2025 ఏప్రిల్‌లో కుటుంబ సమేతంగా భారత్ వచ్చి, ఆదరంగా మాట్లాడి వెళ్ళారు. నాలుగు నెలలకు సుంకం రెట్టింపయింది. ఇందులో ఆయన ద్రోహమేమీ లేదు. ఆయన ఓటర్లు వడ్లూరులో లేరు, అంతే.

ఆసక్తి ఫలించిన సందర్భం ఒకటి ఉన్నది. 2008లో అణు ఒప్పందాన్ని అమెరికా ప్రతినిధుల సభ 298–117 ఓట్లతోనూ, సెనేట్ 86–13తోనూ ఆమోదించాయి. దాని వెనుక అధ్యక్షుడు బుష్ పట్టుదలతో పాటు, రెండు పార్టీల సభ్యుల ఇళ్ళకూ కార్యాలయాలకూ ఏళ్ళ తరబడి తిరిగిన భారత దౌత్యవేత్తలు, ప్రవాస భారతీయుల శ్రమ ఉన్నది. ఎవరు గెలుస్తారన్న జోస్యంతో పని లేకుండా ఎవరు గెలిచినా పని జరిగేలా చూసుకున్నారు. 2004లోనూ 2008లోనూ ఇక్కడి వారు ఏ అభ్యర్థి గెలవాలని కోరుకున్నారో నేడు ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఇంతకూ భారతీయులు ఎల్లవేళలా కిటికీ బయట నిలబడి చూసేవారే కారు. చుట్టూ ఉన్న చిన్న దేశాలకు ఢిల్లీయే వాషింగ్టన్. 2023 జూలైలో భారత్ సాధారణ తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు ఆ బియ్యంపై ఆధారపడిన దేశాల బజార్లలో ధరలు ఎగబాకాయి. అదే సంవత్సరం మాల్దీవుల అధ్యక్ష ఎన్నికలో భారతీయ సైనికులను పంపివేస్తామన్న నినాదం ప్రధానాంశమై, ముయిజ్జు 54 శాతం ఓట్లతో గెలిచారు. ఆ చిన్న దేశపు ఎన్నికను భారతదేశం ఎంత జాగరూకతతో గమనించిందో చెప్పనక్కరలేదు. పొరుగువారు భారత ఎన్నికలను గమనించే తీరు మాత్రం ఇక్కడి పుటల్లోకి అరుదుగా ఎక్కుతుంది.

2019 సెప్టెంబరు 29న భారత ప్రభుత్వం ఉల్లి ఎగుమతిని హఠాత్తుగా నిలిపివేసింది. బంగ్లాదేశ్‌లో ధర చుక్కలనంటింది. అయిదు రోజుల తరువాత ఢిల్లీలో ఒక వ్యాపార సదస్సుకు వచ్చిన నాటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, ఉల్లి వేయకుండా వండమని తన వంటమనిషికి చెప్పానని, ముందుగా ఒక మాట చెప్పి ఉంటే వేరే చోటు నుంచి తెప్పించుకునేవారమని నవ్వుతూ అన్నారు. సభికులూ నవ్వారు. మహారాష్ట్ర, హర్యానా శాసనసభల పోలింగుకు అప్పటికి 17 రోజుల వ్యవధి ఉన్నది.